సెలవు కాగితంలో రెండో అంశం

మా యూనివర్సిటీ ఆఫీసు వరండాలో ఒక నోటీసు బోర్డు ఉండేది. టేకు చట్రం, అద్దం తలుపు, ఇత్తడి తాళం. విద్యార్థులు దానికి సంతాప సభ అని పేరు పెట్టారు. అలా పెట్టినందుకు వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. అందులో కనిపించే ప్రతి అవకాశమూ అప్పటికే గతించి ఉండేది. వక్తృత్వ పోటీ కానీ, సేవా శిబిరం కానీ, వేసవి శిక్షణ కానీ, చివరి తేదీ దాటిన తరువాతే ఆ అద్దం వెనక్కి చేరేది. పిల్లలు వచ్చి, చదివి, పోయినవారి గురించి చెప్పుకున్నట్టు నాలుగు మంచిమాటలు చెప్పుకుని క్యాంటీనుకు వెళ్ళిపోయేవారు.

ఆ కాగితాలను టైపు చేసే గుమాస్తాను నేనే. అందుచేత సంతాపంలో నాకూ భాగం ఉంది.

బయటి నుంచి వచ్చిన ఏ ఉత్తరమైనా ఐదు బల్లల మీదుగా ప్రయాణం చేయాలి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పొట్టి సంతకం పడాలి. ఐదూ పడ్డాక నేను నోటీసు టైపు చేయాలి. ఆ నోటీసు మళ్ళీ అదే ఐదు బల్లల చుట్టూ తిరగాలి. ఆ తరువాత చపరాసీ తాళం తీయాలి. తాళంచెవి అతని మొలతాడుకు ఉండేది. దాన్ని విప్పడం అతనికి ఇష్టం లేదు కనుక నడుమునే తాళం దగ్గరకు తీసుకుపోయి, బోర్డును కౌగిలించుకున్నట్టు నిలబడి తిప్పేవాడు. ఆ దృశ్యం చూడటానికి కొందరు పిల్లలు క్లాసు ఎగ్గొట్టేవారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సూపరింటెండెంటు గారిని అడిగాను, తేదీ దాటిపోయిన కాగితాన్ని బోర్డులో పెట్టడం ఎందుకని. ఆయన నన్ను జాలిగా చూశారు.

"పెట్టకుంటే ఫైలెట్ల మూస్తమయ్యా?"

ఆయన చెడ్డవారు కారు. కాగితం మీద సంతకం పెట్టడమంటే దాని పాపపుణ్యాలన్నీ నెత్తిన వేసుకోవడమని నమ్మిన మనిషి. అందుకని ప్రతి కాగితాన్నీ కొన్నాళ్ళు తన బల్లమీద మాగనిచ్చేవారు. మిగిలిన నలుగురు పెద్దలూ ఆయన్ను చూసి నేర్చుకున్నారో, ఆయనే వాళ్ళను చూసి నేర్చుకున్నారో నాకు తెలియదు.

నాకు చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు. ఏ ఉత్తరం ఏ రోజు వచ్చింది, ఏ బల్లమీద ఎన్నాళ్ళు నిద్రపోయింది, ఏనాడు అద్దం వెనక్కి చేరింది అన్నీ రాసుకునేవాణ్ణి. కొందరు రైలు నంబర్లు రాసుకుంటారు, అలాగే అనుకోవాలి. ఆ లెక్క ప్రకారం మామూలు కాగితం ప్రయాణం మూడు వారాలు. పండుగ అడ్డం వస్తే నాలుగు.

ఎనభై ఒకటి ఫిబ్రవరిలో ఎం.ఏ. ఎకనామిక్స్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె బోర్డు ముందు నిలబడి నోటుబుక్కులో ఏదో రాసుకుంటూ కనిపించింది. ఏమిటా అని చూస్తే, పుణెలోని ఒక పరిశోధన సంస్థ వారి ఉత్తరం. ఊళ్ళు తిరిగి సర్వే చేయడం ఎలాగో రెండు నెలలు నేర్పుతారు. ప్రతి యూనివర్సిటీ నుంచి ఒక్కరిని పంపవచ్చు. బాగా చేసినవారిని అక్కడే పనిలో పెట్టుకుంటారు. చివరి తేదీ దాటి ఆరు రోజులైంది.

"అయిపోయిందమ్మా అది. ఎందుకు రాసుకుంటున్నావు?" అన్నాను.

"వచ్చే ఏడు గూడ గీ నెలలనే వస్తది గద సార్. అప్పుడు మీ బోర్డు కన్న ముందుగాల నేనొస్త."

"ఎవరి అమ్మాయివి?"

"మాది కొత్తవాడ. మా నాయిన జంఖానాలు నేస్తడు." పెన్ను మూత పెడుతూ నావైపు చూసింది. "సార్, గీ బోర్డుకు తాళమెందుకు? ఎవలన్న ఎత్తుకపోతరనా?"

నేను నవ్వు ఆపుకోవడానికి దగ్గవలసి వచ్చింది.

అన్నమాట ప్రకారం మరుసటి ఏడాది జనవరి మొదలుకొని ప్రతి సోమవారం, గురువారం పొద్దున్నే నా కిటికీ దగ్గరకు వచ్చేది. "వచ్చిందా సార్?" అనేది. "రాలేదమ్మా" అనేవాణ్ణి. "వస్తె పండవెట్టకున్రి" అని వెళ్ళిపోయేది. ఒకనాడు మాత్రం కొంచెంసేపు నిలబడింది.

"ఈసారి గూడ పోతే నాకింక లేదు సార్. చదువుకునేటోళ్ళకే ఇస్తరట. పరీక్షలైనంక నేను చదువుకునేటోళ్ళల్ల ఉండను. మా గల్లీల బడి పెట్టినాయన టీచరుగ రమ్మని మా నాయినకు చెప్పిండు. నాయిన సరే అన్నడు. గా పుణె కాగితమొస్తె మాత్రం పంపుతన్నడు. రాదని ఆయన ధీమా."

"ఎందుకంత ధీమా?"

"మీ ఆఫీసు సంగతి కొత్తవాడ దాక తెలుసు సార్."

ఫిబ్రవరిలో ఒక సోమవారం మధ్యాహ్నం, ఆమె వచ్చిపోయిన రెండు గంటలకు, పుణె ఉత్తరం టపాలో వచ్చింది. దరఖాస్తు అక్కడికి చేరవలసిన రోజుకు సరిగ్గా రెండు వారాలుంది. పోస్టులో పోవడానికి నాలుగైదు రోజులు తీసేయాలి. మా ఐదు బల్లలకు మిగిలేది పది రోజులకు తక్కువే. అందులోనూ వచ్చే వారం బుధవారం మేడారం జాతర మొదలు. జాతర వారంలో మా ఊళ్ళో కాగితం కాదు కదా, కాకి కూడా పని చేయదు.

ఆ అమ్మాయిని పిలిచి చెవిలో చెబితే సరిపోదా అని మీరు అనవచ్చు. సరిపోదు. దరఖాస్తు యూనివర్సిటీ ద్వారా వెళ్ళాలి. దాని మీద మా నోటీసు నంబరు వేయాలి. నోటీసు బోర్డు ఎక్కనిదే నంబరు పుట్టదు. పుట్టని నంబరు వేసినందుకు ఒకాయన రెండేళ్ళు సంజాయిషీలు రాసుకున్నాడని మా ఆఫీసులో చెప్పుకునేవారు.

అదే టపాలో కలెక్టరు ఆఫీసు నుంచి జాతర సెలవుల కాగితం కూడా ఉంది. బుధ, గురువారాలు సెలవు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. బ్యాగులోంచి డైరీ తీసి పాత పేజీలు తిప్పాను. తిప్పేసరికి ఒక సంగతి కళ్ళపడింది. ఇన్నేళ్ళుగా నేనే రాసుకుంటూ నేనే చూడని సంగతి. మూడు వారాల ప్రయాణం అన్ని కాగితాలకూ కాదు. సెలవు కాగితం ఎప్పుడు వచ్చినా ఐదు సంతకాలూ ఒక్కపూటలో పడ్డాయి. ఒకసారైతే ముప్పావుగంటలో. ఒక పెద్దాయన మెట్ల మీదే నిలబడి, చపరాసీ వీపును బల్లగా చేసుకుని సంతకం పెట్టారని నా దస్తూరీతోనే రాసి ఉంది.

మంగళవారం పొద్దున టైపు మిషను ముందు కూర్చుని ఒకే నోటీసు కొట్టాను. పైన పెద్ద అక్షరాలతో సెలవు. ఒకటో అంశం: జాతర సందర్భంగా వచ్చే వారం బుధ, గురువారాలు యూనివర్సిటీకి సెలవు. రెండో అంశం: రెండు నెలల పుణె శిక్షణకు దరఖాస్తులు కోరడమైనది, ఫారాలు ఆఫీసులో దొరకును, ఈ శుక్రవారం సాయంత్రంలోగా అందజేయవలెను. రెండూ ఉన్నవే, రెండూ నిజమే. రెండు అంశాలు ఒక కాగితంలో ఉండకూడదని ఏ నియమమూ లేదు. వెతికాను. రెండు మూల ఉత్తరాలనూ ఆ నోటీసుకే గుచ్చాను, సెలవు ఉత్తరం పైకి వచ్చేట్టు.

సూపరింటెండెంటు గారి ముందు పెట్టాను.

"ఏంది?"

"జాతర సెలవులు సార్."

"ఎన్ని రోజులిచ్చిన్రు?"

"రెండు."

"శుక్రవారం గూడ ఇస్తె ఏం పోతుండె," అంటూ సంతకం గిలికారు. చూపు కాగితం సగం దాకా కూడా దిగలేదు. ఆ పైన నలుగురి దగ్గరా అదే కథ. ఒకాయన "శుక్రవారం?" అన్నారు. ఇంకొకాయన బస్సులు ఎప్పటినుంచి నడుస్తాయని అడిగారు. పదకొండున్నరకు ఐదు సంతకాలూ పూర్తయ్యాయి. పన్నెండుకు చపరాసీ బోర్డును కౌగిలించుకున్నాడు. యూనివర్సిటీ చరిత్రలో మొదటిసారి ఒక అవకాశం తన చివరి తేదీ కంటే ముందు అద్దం వెనక్కి చేరిన రోజు అది. పండుగ చేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. క్యాంటీనులో రెండు మిర్చీబజ్జీలు ఎక్కువ తిన్నాను.

మరునాడు బుధవారం గడిచింది. బోర్డు ముందు తిరునాళ్ళలా జనం. ఫారం కావాలని ఒక్కరూ రాలేదు. చపరాసీని పిలిచి రెండో అంశం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీయించాను. గీత గీస్తుంటే ఒక కుర్రవాడు అడిగాడట, "ఏం తాతా, సెలవు క్యాన్సలా?" కాదనగానే వెళ్ళిపోయాడట.

గురువారం పొద్దున కిటికీ తెరిచి, ఫారం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆమె వచ్చింది. కానీ దారిలో బోర్డు ముందు గుంపు చూసి ఆగింది. గుంపులో దూరి తల పైకెత్తింది. చదివింది. ముఖం వికసించింది. చూశావా, చదివింది అనుకున్నాను. పక్కనున్న స్నేహితురాలి వీపు మీద చరిచి, "పోదాం పావే, రెండు దినాలు సెలవు!" అని అరిచి, అటునుంచి అటే వెళ్ళిపోయింది.

ఐదుగురు పెద్దలను పడేయడానికి తవ్విన గోతిలో, ఎవరికోసం తవ్వానో ఆ పిల్లే పడింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని "ఏమ్మా! ఏమ్మా!" అని కేకేశాను. వరండాలో ఉన్న అమ్మాయిలందరూ తిరిగి చూశారు, ఆమె తప్ప. సూపరింటెండెంటు గారు కూడా చూశారు.

"ఏమైందయ్యా నీకు?"

"ఏం లేదు సార్. దగ్గు."

సాయంత్రం ఆఫీసు మూయగానే సైకిలెక్కాను. బ్యాగులో ఫారం, కార్బన్ కాగితం, గుండుసూదులు, ఒక పెన్ను, పెన్ను రాయకపోతే ఇంకొక పెన్ను. కొత్తవాడలో జంఖానాలు నేసే ఇల్లు ఎక్కడని అడిగితే నవ్వారు. అక్కడ నేయని ఇల్లు చెప్పమంటే తొందరగా చెప్పగలరు. ఎం.ఏ. చదివే పిల్ల అన్నాక దారి చూపించారు.

తండ్రి మగ్గం మీద ఉన్నాడు. అరుగు మీద, జాతరలో అమ్మవార్లకు మనిషి బరువుకు తూచి మొక్కు చెల్లించే బెల్లం దిమ్మలు, తక్కెడ. శనివారం జాతరకు ప్రయాణమట. నన్ను చూసి ఆ అమ్మాయి కంగారుపడింది.

"సార్, మీరేంది గిట్లొచ్చిన్రు? సెలవు క్యాన్సలాయెనా?"

"నీకూ అదే బాధా? నోటీసు చదివావా?"

"చదివిన సార్. బుధ, గురువారం."

"దాని కింద?"

"కింద ఏమున్నది? సంతకాలుంటయి."

బ్యాగులోంచి నకలు తీసి చేతిలో పెట్టాను. చదివింది. మళ్ళీ చదివింది. అరుగు మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, నన్ను తిట్టింది.

"మీరు గూడ మంచోరే సార్! సెలవు కింద పెడ్తె ఎవడన్న చదువుతడా? జనవరి సంది మీ కిటికీ కాడ కావలిగాసిన. తీరా వచ్చినంక గిట్ల దాపెడ్తరా?"

"దాచలేదమ్మా. ఎర్రగీత కూడా గీయించాను."

"సెలవుకు సంతోషపడి గీసిన్రనుకున్న."

తండ్రి మగ్గం ఆపి అంతా విన్నాడు. విని, నేత మీద చెయ్యి ఆనించి అడిగాడు, "అంటె సారూ, కాగితమొచ్చినట్టేనా?"

"వచ్చింది."

"టయానికే వచ్చిందా?"

"టయానికే."

ఆయన, మీ ఆఫీసు నన్ను మోసం చేసింది కదయ్యా అన్నట్టు నావైపు చూశాడు. "మాటిస్తి గద. నింపుకో బిడ్డా," అని మళ్ళీ మగ్గం కింది పలక తొక్కాడు. ఆ మగ్గం చప్పుడు మధ్య, బెల్లం దిమ్మలు పక్కకు జరిపి, ఆమె ఫారం నింపింది. నా మొదటి పెన్ను రాయలేదు.

శుక్రవారం పొద్దున ఆమె వాళ్ళ ప్రొఫెసరు సంతకం తెచ్చింది. ఇక కావలసింది మా సూపరింటెండెంటు గారి సంతకం, ముద్ర. ఫారం ఆయన ముందు పెట్టాను. ఆమె తలుపు దగ్గర నిలబడింది.

"ఏంది ఇది? పుణె? ఎవలు పిలిచిన్రు దరఖాస్తులు? నేను చూడని సర్క్యులర్ బోర్డుకెట్లెక్కింది?"

"మీరు చూశారు సార్."

"ఎప్పుడు జూసిన?"

ఆఫీసు కాపీ ముందు పెట్టాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. ఒకటో అంశం చదివారు, రెండో అంశం చదివారు, తన సంతకం చదివారు. తరువాత నన్ను చదివారు. ఆయన ముఖంలో రెండు దారులు కనిపించాయి. చదవకుండా సంతకం చేశానని తలుపు దగ్గరున్న అమ్మాయి ముందు ఒప్పుకోవాలి, లేదా ఫారం మీద ముద్ర వేయాలి. ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"నేను చదవలేదనుకుంటానవా?" అన్నారు చివరికి.

"అయ్యో, అలా ఎందుకు అనుకుంటాను సార్."

"అక్షరం అక్షరం చదివే పెట్టిన." ముద్ర తీసి టపీమని కొట్టారు. "ఎంతమంది అప్లై చేసిన్రు?"

"ఒక్కరే సార్."

"ఒక్కలేనా? ఇంత మంచి అవకాశమొస్తె ఈ కాలం పిల్లలు నోటీసులే చదువరు!"

ఆమె బయటికి వెళ్ళాక ఆయన గొంతు తగ్గించారు. "బుధ, గురువారాలు ఆఫీసుల ఎవలన్న ఉండాలె. టపా చూసుకోవాలె. నువ్వుండు."

అలా ఆ ఏడు నాకు జాతర పోయింది. మా కూతురి బరువుకు సరితూగే బెల్లం మొక్కుకున్న మా ఆవిడ తన తమ్ముణ్ణి వెంటేసుకుని వెళ్ళింది. వెళ్ళేముందు నన్ను అన్న మాటలు డైరీలో రాయలేదు. రెండు రోజులు ఖాళీ ఆఫీసులో కూర్చుని, రాని టపా కోసం ఎదురుచూశాను. దరఖాస్తు మాత్రం ముద్ర పడిన శుక్రవారమే రిజిస్టరు పోస్టులో పోయింది. నా చేత్తోనే వేశాను.

ఆ తరువాత మార్చంతా జవాబు లేదు. ఏప్రిల్‌లో పరీక్షలు మొదలయ్యాయి. ఆమె కిటికీ దగ్గరకు రావడం మానలేదు కానీ "వచ్చిందా సార్" అనడం మానేసింది. ఊరికే కనుబొమ్మలు ఎగరేసేది, నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. బడి పెట్టినాయన జూన్‌లో చేరమని కబురు పంపాడట.

ఆఖరి పరీక్ష అయిన మూడో రోజు పుణె నుంచి ఉత్తరం వచ్చింది, మా ఆఫీసు పేరుతో. ఎంపిక అయింది. వారం లోపల వచ్చి చేరాలి, వెంట యూనివర్సిటీ ఇచ్చిన బోనఫైడ్ సర్టిఫికెట్ తేవాలి. చదివిన ఆనందం నాకు అర నిమిషం నిలిచింది. ఈ ఉత్తరం కూడా ఐదు బల్లలు తిరగాలి. ఇప్పుడు చేతిలో ఏ సెలవూ లేదు. పైగా ఫిబ్రవరి నుంచి సూపరింటెండెంటు గారు నేను పెట్టిన ప్రతి కాగితాన్నీ తిరగేసి, వెనక వైపు కూడా చూసి గానీ సంతకం పెట్టడం లేదు. నా తెలివికి ఫలితంగా మూడు వారాల ప్రయాణం నెలకు పెరిగింది.

ఇక ఎత్తులు వేయడం మానుకుని ఉత్తరాన్ని తీసుకెళ్ళి తిన్నగా ఆయన చేతిలోనే పెట్టాను.

"సార్, ఇందులో ఒక్క అంశమే ఉంది."

ఆయన నావైపు అనుమానంగా చూసి చదవడం మొదలుపెట్టారు. రెండో పేరాలో పుణె వారు, తగిన విద్యార్థిని సకాలంలో సూచించినందుకు యూనివర్సిటీ ఆఫీసుకు కృతజ్ఞతలు తెలిపారు. ఆ వాక్యం దగ్గర ఆయన ఆగిపోయారు. మా ఆఫీసును సకాలంలో అన్నవాళ్ళు అంతకుముందు లేరు. ఆయన వెన్ను నిటారుగా అయింది. చపరాసీని పిలిచి, "కొత్తవాడకు పో. ఆ పిల్లను, వాళ్ళ నాయినను తోలుకరా. ఇప్పుడే," అన్నారు.

వాళ్ళు వచ్చేలోపు నా కుర్చీ వెనక నిలబడి బోనఫైడ్ సర్టిఫికెట్ ఆయనే చెప్పి టైపు చేయించారు. మిగిలిన నాలుగు బల్లల సంగతి అడిగితే, "వాళ్ళకు రేపు చెప్త తియ్యి," అన్నారు.

తండ్రి చంకలో చుట్టిన జంఖానా ఒకటి ఉంది. లోపలికి రాగానే దాన్ని సూపరింటెండెంటు గారి బల్లమీద పెట్టి దండం పెట్టాడు. "మీ దయ సారూ. మా పిల్ల చెప్పింది, మీరు ముద్ర కొట్టకుంటె అయ్యేది కాదని."

నేను టైపు మిషను మీద దుమ్ము దులిపాను. ఎర్ర అంచు, నల్ల చారలు. చాలా మంచి జంఖానా. ఆ అమ్మాయి నావైపు ఒకసారి చూసి, వెంటనే పైకప్పు వైపు చూసింది. పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటోందని తెలిసిపోయింది.

"మంచిగ చదువుకో అమ్మా," అన్నారు ఆయన, కొంచెం గొంతు సవరించుకుని. "ఎన్ని దినాలు ట్రైనింగు?"

"రెండు నెలలు సార్. మీరు సంతకం పెట్టిన నోటీసులనే రాసున్నది. కింద."

ఆయన సర్టిఫికెట్ మీద సంతకం పెడుతున్నారు. చేయి ఒక్క క్షణం ఆగింది. తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. సంతకం పూర్తిచేసి, ముద్ర కొట్టి, ముందుకు జరిపారు. పొట్టిది కాదు, పూర్తి సంతకం.

అద్దుడు కాగితం అందించబోయాను. ఆమె ఆగలేదు. తడి ఆరని కాగితాన్ని గాలికి విసురుకుంటూ, మెట్లు రెండేసి దిగుతూ వెళ్ళిపోయింది. వెనకాల తండ్రి గొంతు వరండా అంతా వినిపించింది.

"జర మెల్లగ బిడ్డా! బండి ఎల్లుండి గద!"